చెడ్డమాటల బడి

సముద్రం మానేసిన తరవాత మా నాన్న ఇంగ్లీషులో దాదాపు ఏడువందల మాటలు నేర్చుకున్నాడు. వాటిలో మంచి మాట ఒక్కటీ లేదు. సగం పడవకొచ్చే చేటు, సగం మనిషిలో ఉండే చేటు. కుళ్లిన తాడు, చిల్లుపడ్డ అడుగు, ఆగిపోయిన ఇంజను, కొట్టుకుపోవడం, నేల తాకడం ఒక పక్క. పిరికితనం, దురాశ, నిర్లక్ష్యం, మొండితనం, తాగి కాపలా కాయడం ఇంకో పక్క. నీలం అట్ట పుస్తకంలో మన అరబ్బీ మాట కుడి నుంచి, వాళ్ల మాట ఎడమ నుంచి రాసుకునేవాడు. రెండూ పేజీ మధ్యలో ఎదురుపడేవి.

మా రేవుపట్నం ఆసఫీలో అలాంటి మాటలు నోటితో అనరు. నిప్పుని మేం క్షేమం అంటాం. బొగ్గుని తెల్లది అంటాం. మా ఇళ్లలో నూనె అయిపోదు, నిండుకుంటుంది. గాడిద అనో చెప్పు అనో అనాల్సివస్తే వెంటనే హాషాక్ అని చేర్చాలి, ఈ మాట మీకు అంటకుండుగాక అని. ఇక రేవు దగ్గర సంగతి చెప్పక్కర్లేదు. పడవ మునిగింది అని అక్కడ ఎవరూ అనరు. పడవ అలిసిపోయింది అంటారు. అలిసిపోయిన పడవల్లో వెళ్లిన మొగుళ్ల కోసం ఎదురుచూసే ఆడవాళ్లు మా వీధిలోనే ముగ్గురుండేవాళ్లు.

మా నాన్న పేరు అల్లాల్. ఊళ్లో మర్యాదకి సీ అల్లాల్ అనేవాళ్లు. ఆయనకి ఇంగ్లీషు వంటింట్లో వచ్చింది. పద్దెనిమిదేళ్ల వయసులో అమెరికావాళ్ల విమానాల స్థావరంలో గిన్నెలు కడిగే పనికి కుదిరాడు. ఆరేళ్లు కడిగాడు. అక్కడ నేర్చుకున్నది ఎంతో లేదు. బాగుందండీ, చాలా బాగుందండీ, ఇబ్బందేం లేదండీ, అంతే. స్థావరం ఎత్తేశాక ఆసఫీకి వచ్చి పడవెక్కాడు. ఇంగ్లీషు తెలిసినవాడని రేడియో ఆయన చేతికిచ్చారు.

తరవాత జరిగింది ఆయన దాచలేదు. తన దగ్గర చదువుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ మొదటిరోజే చెప్పేవాడు, అదే మొదటి పాఠం అన్నట్టు.

"పన్నెండుమందిమి. పట్టపగలు. అడుగున పలక విడిపోయింది. పెద్ద ఓడ కనిపిస్తూనే ఉంది, మన కొండమీది కోట కనిపించినంత బాగా. రేడియోలో అడిగాడు ఆ ఓడవాడు, మీ పరిస్థితి ఏమిటని. నా పక్కన రాయిస్ ఉన్నాడు, దేవుడు ఆయన్ని దయచూచుగాక. నా పడవలో ఆ మాట అనకు, అలిసిపోయామని చెప్పు అన్నాడు. ఆయన అననిచ్చినా నా దగ్గర ఆ మాట లేదురా అబ్బాయిలూ. ఆరేళ్లలో నాకది ఎవడూ చెప్పలేదు. వి ఆర్ టయర్డ్ సర్, థాంక్యూ సర్ అన్నాను. వాడు నవ్వాడు. గుడ్ లక్ అన్నాడు. పోయాడు. నలుగురం మిగిలాం."

రాయిస్ అంటే పడవకి పెద్ద. ఆ రాయిస్ మిగిలినవాళ్లలో లేడు.

ఆ చలికాలం మా నాన్న పాతసామాన్ల అంగట్లో అట్టలేని నిఘంటువు కొన్నాడు. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి చేటుమాటలు మాత్రం ఏరుకుంటూ వెళ్లాడు. మా అమ్మ పప్పులో రాళ్లు ఏరి పారేస్తుంది. ఈయన పప్పు వదిలేసి రాళ్లు దాచుకునేవాడు. మళ్లీ సముద్రం మీదికి వెళ్లలేదు. ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు కోసే పని చేసి, మధ్యాహ్నం దాటాక వలలు బాగుచేసే కొట్టం మీద గదిలో బడి పెట్టాడు. మా తీరాన్ని ఆనుకుని వెళ్లే పెద్ద ఓడలన్నీ పరాయివే. పడవకి ఆపదొస్తే దగ్గర్లో ఉన్న ఓడకి సంగతి అర్థమైతేనే ప్రాణం దక్కుతుంది. రేడియో పని కావాలన్నవాళ్లు, పరాయి పడవల్లో కుదురుదామన్నవాళ్లు వచ్చేవాళ్లు. అయిదుగురో ఆరుగురో. వెనక గోడకానుకుని నేనూ, మా తమ్ముడు మీలూదూ కూర్చునేవాళ్లం. ఊళ్లోవాళ్లు దానికి చెడ్డమాటల బడి అని పేరుపెట్టారు.

"గ్రీడీ," అన్నాడు ఒకరోజు మా నాన్న. "అంటే దురాశపరుడు."

"మీకు అంటకుండుగాక, సీ అల్లాల్!" అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

"అంటుకోనివ్వండ్రా. అంటుకోకుండా మాటెలా వస్తుంది? ఇప్పుడు దాన్ని ఒక మనిషి మీద పెట్టి చెప్పండి. సల్లామ్, నువ్వు."

సల్లామ్ వలలు లాగే కుర్రాడు, నోరు ఊరుకోదు. లేచి చుట్టూ చూశాడు. "ఎవరిమీద పెట్టను? ఎదురుగా ఉన్నవాళ్ల మీద పెడితే తంతారు. లేనివాళ్ల మీద పెడితే చాడీ. పోయినవాళ్ల మీద పెడితే పాపం."

"మీ మామ మీద పెట్టరా. ఆయన ఉన్నా లేనట్టేగా," అన్నాడొకడు.

"మా మామకి దురాశ ఉంటే మీ అక్కని చేసుకుంటాడా?"

గది గొల్లుమంది. మా నాన్న చేత్తో ఆపాడు. "ఎవరిమీదా వద్దు. నా మీద పెట్టండి. ఇకనుంచి అన్నీ నామీదే."

అలా బడిలో అదొక పద్ధతి అయిపోయింది. సీ అల్లాల్ గ్రీడీ. సీ అల్లాల్ లేజీ. సీ అల్లాల్ అబద్ధాలకోరు, మొండివాడు, తాగుబోతు. జీవితంలో చుక్క ముట్టని మనిషి. కుర్రాళ్లకి అది పండగ. పనిచోట మేస్త్రీని అనలేనివన్నీ మాస్టారిని అనేవాళ్లు. ఒకరోజు పిరికివాడు అనే మాట వచ్చింది. సల్లామ్ మంచి ఊపుమీదున్నాడు. "సీ అల్లాల్ కావర్డ్!" అని అరిచాడు.

ఎవరూ నవ్వలేదు. అన్నాక గాని సల్లామ్‌కి తనేమన్నాడో తెలీలేదు. చెవులు ఎర్రబడ్డాయి. క్షమించమనడానికి నోరు తెరిచాడు.

"సరిగ్గా అన్నావు," అన్నాడు మా నాన్న. "చివర ఇంకొంచెం నొక్కాలి. మళ్లీ అను."

సల్లామ్ అన్నాడు. మా నాన్న పుస్తకంలో ఆ మాట పక్కన గీత పెట్టుకున్నాడు, వచ్చిందన్నట్టు.

గదిలో అనడం ఒక లెక్క కాదు ఆయనకి. "ఇక్కడ ఎవడైనా అంటాడు. పడవెక్కే ముందు అనగలగాలి," అనేవాడు. సాయంత్రం నమాజు కాగానే రేవుకి వెళ్లి, పడవలవైపు నడిచే శిష్యుల్ని ఆపేవాడు. "మీ అడుగు గదిలో నీళ్లు నిండుతున్నాయి. పక్కన ఓడుంది. చెప్పు, ఏమంటావు?"

"సీ అల్లాల్, మీ తల్లిదండ్రుల మీద దేవుడి దయ ఉండుగాక, ఇప్పుడొద్దు. మావాళ్లు చూస్తున్నారు."

"చూడనీ. చెప్పు."

గడుసువాళ్లు వలలు నెత్తిన వేసుకుని చుట్టూ తిరిగి పోయేవాళ్లు. భయస్తులు చెవిలో గొణిగి పారిపోయేవాళ్లు. అటునుంచి వెక్కిరింపులు వినపడేవి. "ఇదుగో, చావు మాస్టారొచ్చాడు! ఏం సీ అల్లాల్, పెళ్లిలో ఆశీర్వాదం కూడా ఇంగ్లీషులోనే చదివావా?" పడవల ఆడవాళ్లు ఆయన నిలబడ్డ చోట దిష్టి పోవాలని హర్మల్ గింజలు కాల్చి పొగేసేవాళ్లు. ఆ పొగ వాసన చొక్కాకి పట్టుకుని ఇంటికి వచ్చేది. చొక్కా విప్పగానే అమ్మకి అర్థమయ్యేది, ఇవాళ కూడా వెళ్లాడని.

మా అమ్మ మహ్జూబా సార్డీన్ల ఫ్యాక్టరీలో తలలు తీసే పని చేసేది. చేపలొచ్చాయని కూత వినపడితే పొయ్యిమీది కుండ వదిలేసి పరిగెత్తేది. చేతులు ఉప్పుతో ఎప్పుడూ పగిలి ఉండేవి. ఆవిడకి మా నాన్న మీద ప్రేమ లేదని ఎవరూ అనలేరు. కాని ఆ పుస్తకం పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. "మా ఆయనకి లోకంలో ఉన్న దరిద్రాలన్నీ ఇంగ్లీషులో వచ్చు," అనేది పక్కింటావిడతో, ఆయనకి వినపడేలా. "ఇంట్లో ఉప్పు నిండుకుందని మాత్రం ఏ భాషలో చెప్పినా తెలీదు."

"చెప్పావా?"

"రెండ్రోజులైంది చెప్పి."

"అయిపోయింది అని చెబితే తెలిసేది."

"నా ఇంట్లో ఏదీ అయిపోదు!"

మీలూద్‌కి ఇంగ్లీషు మా నాన్నకన్నా బాగా వచ్చింది. గొంతు కూడా మంచిది, మెల్లగా, తొట్రుపాటు లేకుండా పలికేవాడు. మా నాన్న బయటికి ఎప్పుడూ మెచ్చుకోలేదుగాని, వాడు చదువుతుంటే కళ్లు మూసుకుని వినేవాడు. వాడికి ఇరవయ్యెనిమిది నిండాక రాయిస్ కబ్బూర్ పడవలో రేడియో పని దొరికింది. తొమ్మిదిమంది మనుషులు, దక్షిణాన పదిహేనేసి రోజులు. కబ్బూర్ పాతకాలం మనిషి. పడవలో అడుగుపెట్టేటప్పుడు ఎడమకాలు ముందు పెట్టినవాణ్ణి వెనక్కి దింపి మళ్లీ ఎక్కించేవాడు. రేవులో మా నాన్నని పక్కకి పిలిచి మర్యాదగానే చెప్పాడు.

"సీ అల్లాల్, నీ కొడుకు బంగారం. వాడి చెవులు నాకు కావాలి, వాతావరణం వింటాడు. నీ మాటలు మాత్రం వొడ్డునే వదిలి రమ్మను."

"ఆపదొస్తే?"

"చూశావా? ఇదే నేననేది," అన్నాడు కబ్బూర్. మూడుసార్లు నేలమీద ఉమ్మేసి వెళ్లిపోయాడు.

మీలూద్ బయల్దేరే రోజు మధ్యాహ్నం భోజనం అయ్యాక అమ్మ బల్ల తుడిచి, కొత్త రొట్టె ఒకటి తెచ్చి మీలూద్ ముందు పెట్టింది. ఇంకా వేడిగా ఉంది.

"దీనిమీద చెయ్యి పెట్టు. ఆ పడవలో మీ నాన్న మాట ఒక్కటీ నోట రానివ్వనని చెప్పు."

"యెమ్మా, ఎందుకిది? అవసరం రాదు."

"రాకపోతే ఒట్టేస్తే ఏం పోయింది?"

మా ఇళ్లలో నేలమీద రొట్టెముక్క కనపడితే తీసి కళ్లకద్దుకుని గోడమీద పెడతాం. దానిమీద ఒట్టు అబద్ధానికి వేసేది కాదు. మీలూద్ నాన్నవైపు చూశాడు. నాన్న చాపలో ఊడిన పోచ లాగుతున్నాడు, తల ఎత్తలేదు. ఆయన అప్పుడు ఒక్క మాట అని ఉంటే ఏమయ్యేదో నాకు తెలీదు. అనలేదు. మీలూద్ రొట్టెమీద చెయ్యి పెట్టి అమ్మ అడిగినట్టే చెప్పాడు.

రేవుదాకా నేనూ వెళ్లాను. అందర్నీ ఆపి అడిగే మనిషి కొడుకుని ఆపడానికి తటపటాయించాడు. చివరికి అడిగాడు. "మీ అడుగు గదిలో..."

"బా," అన్నాడు మీలూద్ నాన్నతో. "నా చెయ్యి ఇంకా రొట్టె వాసన కొడుతోంది. వదిలెయ్."

నాన్న వాడి కాలరు సరిచేశాడు. అంతే.

ఫిబ్రవరి చివర్లో పడవ అలిసిపోయిందని కబురొచ్చింది. అదే మాటతో వచ్చింది, నౌకాశ్రయం గుమాస్తా గుమ్మంలో నిలబడి అలాగే అన్నాడు. పొగమంచులో ఒక సరుకు ఓడ వచ్చి ఆరుగుర్ని ఎక్కించుకుందట. అదే పడవలో వలలు లాగే సల్లామ్ ఆ ఆరుగురిలో ఉన్నాడు. మీలూద్ లేడు. రాయిస్ కబ్బూర్ లేడు, వంటమనిషి లేడు. మీలూద్ శవం కూడా దొరకలేదు.

నాలుగోరోజు సల్లామ్ మా ఇంటికి వచ్చాడు. ఎవరిదో కోటు వేసుకున్నాడు, చేతులు అందులో మునిగిపోయాయి. అమ్మ వాడి పక్కనే కూర్చుంది.

"వాడు ఏమన్నాడురా? చివర్లో ఏమన్నాడు?"

"మేం ముందువైపు ఉన్నాం లల్లా మహ్జూబా. మీలూద్ వెనక గదిలో రేడియో దగ్గరున్నాడు, రాయిస్ కూడా అక్కడే. గాలి తప్ప మాకేం వినపళ్లేదు. కాసేపటికి ఓడ వచ్చింది."

"దానంతటదే వచ్చిందా?"

సల్లామ్ నాన్నని చూశాడు, అమ్మని చూశాడు. "దేవుడు పంపాడు లల్లా."

"విన్నారా?" అంది అమ్మ మా అందరితో. "నా కొడుకు రొట్టెమీద మాట తప్పలేదు. దేవుడే పంపాడు." ఆ మాట పట్టుకుని ఆవిడ ఆ నెల గడిపింది. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లకీ అదే చెప్పేది. చెప్పినప్పుడల్లా కాస్త నిటారుగా కూర్చునేది. నాకు తెలుసు, నాన్నని తినేస్తున్నది ఆ ఒక్క సంగతే. వాడు అన్నాడా, అనలేదా? అనకపోతే తను ముప్పయ్యేళ్లు చెప్పింది సొంత కొడుకు దగ్గరే పనికిరాలేదు. అని ఉంటే, తల్లికి ఇచ్చిన మాట తప్పి, ఆ భారంతో పోయాడు.

విచారణ ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. తీరంలోని రేడియో కేంద్రంలో ఆ రోజు మాటలు టేపు మీద పడ్డాయట. గొంతు మీ అబ్బాయిదో కాదో చెప్పాలన్నారు. నాన్న నన్ను తోడు రమ్మన్నాడు. అమ్మకి పింఛను కాయితాలని చెప్పాం.

చిన్న గది. అధికారి మంచివాడు, టీ తెప్పించాడు. మీట నొక్కాడు. ముందు గరగర శబ్దం, తరవాత మీలూద్. పడవ పేరు చెప్పాడు. ఎక్కడున్నారో చెప్పాడు. "వి ఆర్ సింకింగ్," అన్నాడు. "నైన్ మెన్." మా కొట్టం మీది గదిలో చదివినట్టే అన్నాడు, మెల్లగా, ఒక్కొక్క మాట విడదీసి. వెనకనుంచి కబ్బూర్ గొంతు మన భాషలో వినపడింది. "ఆపరా! ఆ మాట ఆపు, నీ అమ్మని తలుచుకుని ఆపు!" ఓడవాడు మళ్లీ చెప్పమన్నాడు. మీలూద్ మళ్లీ చెప్పాడు. ఎక్కడున్నారో, ఎంతమందో, సింకింగ్. ఓడవాడు వస్తున్నామన్నాడు. రేడియో వదిలి పోవచ్చు అప్పుడు. వాడు మూడోసారి కూడా చెప్పాడు, తప్పు విని ఉంటారేమోనని. మధ్యలో టేపు ఆగిపోయింది.

"మీ అబ్బాయేనా?" అన్నాడు అధికారి.

"అవును. ఇంకొక్కసారి వేస్తారా బాబూ?"

మళ్లీ వేశాడు. నాన్న ఈసారి కళ్లు మూసుకుని విన్నాడు. "ఎక్కడున్నారో ముందు చెప్పాడు," అన్నాడు నాతో. "మనుషులెంతమందో చెప్పాడు. ఎక్కడా తప్పులేదు." బయటికొచ్చాక మెట్లమీద కూర్చుండిపోయాడు.

ఇంటికి నడుస్తూ బతిమాలాను. "బా, యెమ్మాకి చెప్పకు. ఆవిడకి మిగిలింది అదొక్కటే."

"అడిగితే?"

"వినపళ్లేదను. టేపు పాడైందను."

ఆగాడు. కుమ్మరి వాడలో ఉన్నాం, ఆవంలో పెట్టి కాల్చబోయే కుండలు దారికిరువైపులా ఆరేసి ఉన్నాయి. "అంటే ఏమని చెప్పనే బతూల్? కొంచెం అలిసిపోయారని చెప్పనా?"

ఆయన మళ్లీ నడక సాగించాడు.

అమ్మ గుమ్మంలోనే ఉంది. మా మొహాలు చూసింది. "పింఛను కాదు," అంది. "ఎక్కడికెళ్లారు?"

నాన్న చెప్పాడు. నిలబడే చెప్పాడు, చెప్పులు కూడా విప్పకుండా. ఏదీ తగ్గించలేదు.

"మూడుసార్లన్నాడా?" అంది అమ్మ.

"మూడుసార్లు."

"ఒక్కసారి అంటే సరిపోదా?"

"ఓడవాడికి తెలియాలిగా. తెలిసింది. ఆరుగురు బతికారు మహ్జూబా."

"ఆ ఆరుగురి తల్లులకి చెప్పు పో." ఆవిడ గొంతు పెరగలేదు. "నన్ను తలుచుకున్నాడా?"

"లేదు. టైము లేదు."

"దేవుణ్ణి?"

"టేపులో లేదు."

"రాయిస్ నా పేరు చెప్పి ఆపమన్నాడన్నావు. అప్పుడు కూడా ఆపలేదా?"

"ఆపలేదు."

అమ్మ లోపలికి వెళ్లి తన పరుపు చుట్టి, నా గదిలోకి తెచ్చుకుంది. ఆ రోజు నుంచి నాన్నతో మాట్లాడలేదు. తిడితే బాగుండేది. అన్నం వండేది, బట్టలు ఉతికేది, ఆయన బిసారా సూపులో ఆలివ్ నూనె ఎంత పోయాలో అంతే పోసేది. గిన్నె నా చేతికిచ్చి, "మీ నాన్నకియ్యి," అనేది. ఆయన పక్కగదిలో ఉంటే కూడా, "మీ నాన్నకి చెప్పు, పాలవాడొచ్చాడని," అనేది. నేను చెప్పేదాన్ని. ఆయన విన్నవాడే మళ్లీ విన్నట్టు తలూపేవాడు. పదకొండేళ్లు.

బడి కూడా ఆ ఏడాదే చచ్చిపోయింది. పోయినవాళ్ల ఇళ్లవాళ్లు ఆ మాటే సముద్రాన్ని పిలిచిందన్నారు. బతికినవాళ్ల ఇళ్లవాళ్లు పండగకి మాంసం పంపేవాళ్లు, కాని పిల్లల్ని పంపేవాళ్లు కాదు. సల్లామ్ ఒక్కడే కొన్నాళ్లు వచ్చాడు. ఒక్క శిష్యుడితో పాఠం ఏం సాగుతుంది? తరవాత వాడూ ఐసు ఫ్యాక్టరీలో కుదిరాడు. మరి కొన్నేళ్లకి మీట నొక్కితే ఆపద కబురు దానంతటదే పోయే యంత్రాలు పడవల్లోకి వచ్చాయి. నాన్న ఒకదాన్ని చూడ్డానికి ప్రత్యేకం రేవుకి వెళ్లొచ్చాడు. "ఒక్క మాటా అనక్కర్లేదట," అన్నాడు. మంచిదేగా అన్నాను. మంచిదే అన్నాడు. నిఘంటువులో ఎక్కడదాకా వచ్చాడో అక్కడే గుర్తు పెట్టి మూసేశాడు. అటక మీద పెట్టిన పుస్తకాన్ని మళ్లీ దించడం నేను చూడలేదు.

పోయిన ఏడు వేసవిలో చిక్కిపోవడం మొదలుపెట్టాడు. కళ్లు పచ్చబడ్డాయి. పెద్ద ఊరికి తీసుకెళ్లాం. డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి చెప్పాడు, ఆయన కూడా ఆ జబ్బు అన్నాడే గాని పేరు అనలేదు. రోగికి చెప్పొద్దన్నాడు. మాలో ఎవరూ చెప్పరు. ఇంటికొచ్చాక చూడ్డానికి వచ్చినవాళ్లంతా ఒకటే పాట. కాస్త నీరసం సీ అల్లాల్, ఎండలు ఎక్కువున్నాయి సీ అల్లాల్, తేనె తినండి. వచ్చిన ప్రతివాళ్లనీ ఆయన అడిగేవాడు, నాకేం జబ్బు అని. సల్లామ్‌ని అడిగాడు. సల్లామ్ ఏడ్చి, నీరసమే అన్నాడు. నన్ను అడిగాడు. ఆ టేపు ఆయన పక్కన కూర్చుని విన్నదాన్ని నేను. ఆయన కళ్లలోకి చూసి, "నీరసం బా, తగ్గిపోతుంది," అన్నాను. ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఇంకెవర్నీ అడగలేదు.

రెండ్రోజుల తరవాత మధ్యాహ్నం అమ్మ సూపు వేడిచేసి గిన్నెలో పోసింది. ఈసారి దాన్ని నా చేతికియ్యలేదు. తనే పట్టుకుని ఆయన గదిలోకి వెళ్లింది. నేను వంటింటి గుమ్మంలో ఆగిపోయాను. గిన్నె కింద పెట్టిన చప్పుడు, కుర్చీ లాగిన చప్పుడు వినపడ్డాయి.

"నీకు క్యాన్సర్," అంది అమ్మ. "కాలేయంలో. కొయ్యడానికి లేదన్నారు."

మా ఇంట్లో ఆ మాట అంతకుముందు ఎవరూ అనలేదు. దానికి ముందు వెనక ఏదీ చేర్చలేదావిడ.

"ఎన్నాళ్లు?" అన్నాడు నాన్న. గొంతు మామూలుగానే ఉంది.

"ఉపవాసాల నెల చూడవన్నాడు."

"అంటే ఆరు వారాలు."

"అయిదు. నీకు లెక్కలెప్పుడొచ్చాయి గనక? సూపు తాగు."

తాగుతున్న చప్పుడు. తరవాత ఆయన అన్నాడు, "నా సమాధి కొండ అంచున పెట్టించు. సముద్రం కనపడేవైపు."

"ఎందుకు? అక్కడినుంచి చూస్తే వాడు కనపడతాడా?"

"కనపడడు."

"మరి? అటు గాలి చంపేస్తుంది. నేనొచ్చి కూర్చోవద్దా? నా మోకాళ్లు చూశావా ఎలా ఉన్నాయో?"

"నువ్వొస్తావా?"

"నేను రాకపోతే ఎవరొస్తారు నీకు? ఊళ్లో సగంమంది నీ పేరెత్తితే మొహం తిప్పుకుంటారు. గోడ చాటున పెట్టిస్తాను. నోర్మూసుకుని పడుకో అక్కడ."

"గోడ చాటున ఏం కనపడుతుందే? కుమ్మరి ఆవం పొగ తప్ప."

"పొగే చూడు!"

సాయంత్రం నమాజు పిలుపు దాకా అలా పోట్లాడుకుంటూనే ఉన్నారు. నేను లోపలికి వెళ్లలేదు.

అయిదు వారాలు కూడా ఉండలేదు ఆయన. పంతొమ్మిదోరోజున పోయాడు. అమ్మ అన్నచోటే పెట్టాం, గోడ చాటున. శుక్రవారాలు వెళ్లి కూర్చుంటుంది.